ఒంటికన్ను దుర్భిణి - నలభై ఎక్స్ నాటకం

మన ఐటీ జనాలకి ఒక జబ్బుంది. రెండు వస్తువులు పక్కపక్కన పెట్టి ఒకదాని మీద 8 అనీ, ఇంకోదాని మీద 40 అనీ రాస్తే మారు మాట్లాడకుండా 40 కొనేస్తాం. ర్యామ్ అంతే, మెగాపిక్సెల్ అంతే, ఆఖరికి అపార్ట్‌మెంట్‌లో అంతస్తులూ అంతే. ఈ లెక్క కొన్నిచోట్ల పనిచేస్తుందేమో గానీ, దుర్భిణి దగ్గరికొచ్చేసరికి బోర్లా పడుతుంది.

ఎందుకు చెప్తున్నానంటే, మాది ఖమ్మం. చలికాలం వచ్చిందంటే హైదరాబాదు, బెంగుళూరు మిత్రులందరికీ ఒక్కసారిగా అడవి గుర్తొస్తుంది. పాల్వంచ దగ్గర కిన్నెరసాని, భద్రాచలం, అక్కణ్ణుంచి పాపికొండలు. (2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది గానీ, మా నోటికి అదంతా ఇంకా ఖమ్మమే.) బయల్దేరే ముందు ఒక మెసేజ్ వస్తుంది: "మోనాక్యులర్ ఏది కొనాలి? ఇది చూడు, 40×60 అట, వెయ్యి రూపాయల లోపే!" సలహా అడుగుతున్నట్టే ఉంటుంది గానీ ఆర్డరు అప్పటికే పెట్టేసి ఉంటారు :)

వాళ్ళకి విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. అందుకే ఒక్కసారే ఇక్కడ రాసి పారేస్తున్నా.

ముందు ఆ అంకెల సంగతి. 8×42 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందున్న అద్దం వెడల్పు 42 మి.మీ. అని అర్థం. ఎనిమిది రెట్లంటే చిన్నదేం కాదు. కిన్నెరసాని రిజర్వాయర్లో 400 మీటర్ల అవతల గట్టు మీద పడుకున్న మొసలి 50 మీటర్లలో ఉన్నట్టు కనపడుతుంది. 50 మీటర్లలో మొసలి ఉంటే మీకు ఇంకా దగ్గరగా చూడాలని ఉంటుందా? నాకైతే ఉండదు.

ఇక 40 రెట్లు. మనందరం ఇంటర్లో ఫిజిక్సు చదివాం, ఎంసెట్ కోసం దుర్భిణి ఫార్ములా బట్టీ కూడా పట్టాం. ముందు కటకం ఫోకల్ లెంగ్త్‌ని కంటి దగ్గర కటకం ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చేదే మాగ్నిఫికేషన్. కంటి దగ్గరది 15 మి.మీ. అనుకుందాం. ఎనిమిది రెట్లకి ముందు కటకం ఫోకల్ లెంగ్త్ 120 మి.మీ. కావాలి. లోపల ప్రిజమ్‌లు కాంతిని మడత పెడతాయి కాబట్టి అది అరచేతిలో పట్టే గొట్టంలో హాయిగా సరిపోతుంది. 40 రెట్లకి? 600 మి.మీ. అంటే రెండడుగుల వ్యవహారం. జానెడు గొట్టంలో అది ఎలా కూర్చుందని ఎవడైనా అడిగాడా? ర్యాంకులు తెచ్చుకున్న వాళ్ళం, ఫార్ములా రాగానే మార్కులు వేయించుకున్న వాళ్ళం, వెయ్యి రూపాయల వస్తువు ముందు ఆ ఫార్ములాని పక్కన పెట్టేశాం. నాకు మండేది ఇక్కడే.

ఇంకో తమాషా. చాలావాటి మీద "16×52, 66మీ/8000మీ" అని అచ్చేసి ఉంటుంది. కొనేవాళ్ళు "అబ్బో, ఎనిమిది కిలోమీటర్లు కనపడుతుంది" అనుకుంటారు. అయ్యా, ఏ పరికరమూ లేకుండా మనకి చందమామ కనపడుతోంది. అది దాదాపు 3,84,000 కిలోమీటర్లు. దుర్భిణికి రేంజి ఉండటానికి అదేమన్నా వైఫైనా? నిజానికి ఆ రాతకి అర్థం, 8000 మీటర్ల దూరంలో 66 మీటర్ల వెడల్పు మాత్రమే కనపడుతుందని. అంటే కిలోమీటరు దూరంలో 8 మీటర్లు. మామూలు మంచి 8× దుర్భిణిలో కిలోమీటరు దూరంలో 110 నుంచి 130 మీటర్ల వెడల్పు కనపడుతుంది. వాళ్ళు గొప్పగా అచ్చేసుకున్న అంకె నిజమే అయితే, మీరు కొన్నది దుర్భిణి కాదు, కూల్‌డ్రింక్ స్ట్రా.

మనవైపు ఉదాహరణే తీసుకుందాం. శ్రీరామనవమికి భద్రాచలం మిథిలా స్టేడియంలో కల్యాణం. మీకు వెనక ఎక్కడో చోటు దొరికింది, మండపం వంద మీటర్ల దూరంలో ఉంది. 8× లో సుమారు 12 మీటర్ల మేర కనపడుతుంది, ఉత్సవమూర్తులూ, అర్చకులూ, తలంబ్రాల పళ్ళేలూ అన్నీ ఒకేసారి. ఆ 66/8000 లెక్క ప్రకారమైతే కనపడేది 82 సెంటీమీటర్లు. రాములవారి కిరీటం దొరికితే సీతమ్మవారు దొరకరు. సీతమ్మవారిని వెతుక్కునేలోపు కల్యాణం అయిపోతుంది.

ఇప్పుడు వెలుతురు. ముందు అద్దం వెడల్పుని మాగ్నిఫికేషన్‌తో భాగించండి. కంటిలోకి వచ్చే కాంతిపుంజం మందం అది. దీన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. 8×42 కి 5.25 మి.మీ. నిజంగానే 40×60 ఉంటే 1.5 మి.మీ. మధ్యాహ్నం ఎండలో మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కాబట్టి తేడా అంతగా తెలియదు. కానీ అడవిలో జంతువులు మధ్యాహ్నం పన్నెండింటికి మీ కోసం రావు గదా! తెల్లారుజామునా, పొద్దుగూకేటప్పుడూ, చెట్ల నీడల్లోనూ తిరుగుతాయి. అప్పుడు మన వయసువాళ్ళ కంటిపాప ఐదు మిల్లీమీటర్ల పైనే తెరుచుకుంటుంది. ఆ టైంలో ఈ రెండిటి మధ్య వెలుతురు తేడా పది రెట్లకి పైగా ఉంటుంది. ఒకదాంట్లో దుప్పి కనపడుతుంది, ఇంకోదాంట్లో దుప్పి ఆకారంలో చీకటి కనపడుతుంది.

చెయ్యి వణుకు సరేసరి. దుర్భిణి బొమ్మతో పాటు మన వణుకుని కూడా అన్ని రెట్లూ పెంచుతుంది. పది దాటితే స్టాండు లేకుండా నిలబెట్టడం కష్టం. దానికి తోడు మా కొత్తగూడెం, భద్రాచలం ఎండలు. మే నెలలో నేల మీద గాలి నీళ్ళలా ఊగుతుంటే, ఎంత పెద్ద నంబరైనా ఆ ఊగడాన్నే పెద్దది చేసి చూపిస్తుంది.

"పోనీలే, వెయ్యి రూపాయలేగా" అంటారు. నా గొడవ వెయ్యి రూపాయల గురించి కాదు.

మా బాబాయ్ ఒకాయన భద్రాచలం అవతల ఒక ఊళ్ళో టీచరు. బడిలో పిల్లలకి పిట్టల్ని చూపిద్దామని, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా బంధువుల అబ్బాయిని అడిగితే, వాడు 40×60 లింకు పంపాడు. సాఫ్ట్‌వేరు కుర్రాడు చెప్పాక ఇంకేం ఆలోచిస్తారు? కొన్నారు. పిల్లలు వరసగా నిలబడి చూశారు. ఒకరికి నల్లటి గుండ్రం, ఇంకొకరికి మసక. నేను వెళ్ళినప్పుడు ఆయన చెప్పారు: "ఒక పాప వచ్చి, సారూ నా కన్ను మంచిగ లేదేమో, నాకేం కనపడట్లే అందిరా. ఏం చెప్పాలో తెలీలా." నేను స్కేలు పెట్టి కొలిచాను. 60 అని రాసిన ముందు అద్దం 40 మి.మీ., మిగతాదంతా రబ్బరు అంచు. మాగ్నిఫికేషన్ పదికి అటూఇటూ. పైగా కన్ను ఒక్క పిసరు జరిగితే బొమ్మ మాయం.

వస్తువు అబద్ధం చెప్తే ఆ పిల్ల తన కన్నుని అనుమానించింది. ఇదీ నా గొడవ. మన ఊళ్ళల్లో, మన ఇళ్ళల్లో "మావాడు ఇంజినీరు" అనేది ఒక గ్యారంటీ కార్డు. మనం కోడ్ రాసేటప్పుడు ఇన్‌పుట్ దేన్నీ నమ్మం, అన్నీ వాలిడేట్ చేస్తాం. చుట్టాలకి లింకు పంపేటప్పుడు మాత్రం అచ్చేసిన అంకెని కళ్ళు మూసుకుని ఫార్వర్డ్ చేస్తాం. మనం చదివిన చదువు వాళ్ళకి ఉపయోగపడేది ఇలాంటిచోటే గదా!

సరే, ఇప్పుడు ఎదురు ప్రశ్నలు.

"ఫోన్లోనే 100× జూమ్ ఉందిగా?" అందులో చాలా భాగం ఉన్న బొమ్మని కత్తిరించి, మిగతాది ఊహించి గీయడమే. 2023లో ఒకాయన చందమామ ఫోటోని కావాలనే మసకచేసి, మానిటర్ మీద పెట్టి ఒక పేరున్న ఫోనుతో తీస్తే, మానిటర్ మీద లేని వివరాలు కూడా ఫోటోలో వచ్చాయి. ఫోను చూపించింది చంద్రుణ్ణి కాదు, చంద్రుడి మీద తనకున్న అభిప్రాయాన్ని. పిట్టని గుర్తుపట్టడానికి నాకు అభిప్రాయాలొద్దు, కాంతి కావాలి.

"అలాంటప్పుడు బైనాక్యులరే కొనొచ్చుగా?" గంటల తరబడి పిట్టల్ని చూసేవాళ్ళు నిక్షేపంగా కొనండి, రెండు కళ్ళతో చూడటం హాయి. కానీ ఇంట్లో బీరువా మీద ఉండే బైనాక్యులర్ కంటే జేబులో ఉండే మోనాక్యులర్ మేలు. బైకు మీద తిరిగేవాళ్ళకీ, రెండు కళ్ళకి రెండు రకాల పవరున్న మనలాంటి సోడాబుడ్డి బ్యాచ్‌కీ ఒంటికన్నే సుఖం.

ఇంతకీ ఏం కొనాలి? జేబుకైతే 8×25, అడవికైతే 8×32 లేదా 8×42. కళ్ళజోడు ఉంటే ఐ రిలీఫ్ 15 మి.మీ. తగ్గకూడదు, లేకపోతే బొమ్మ చుట్టూ నల్లగా వస్తుంది. ప్రిజమ్ బాక్-4, అద్దాలకి ఫుల్లీ మల్టీ కోటింగ్ ఉన్నాయా చూడండి. గోదావరి పక్క తేమకి, వానలకి, లోపల నైట్రోజన్ నింపిన వాటర్‌ప్రూఫ్ రకం అయితే బూజూ ఆవిరీ పట్టవు. ఎర్రగా అద్దంలా మెరిసే కోటింగ్ చూసి మురిసిపోకండి. అది ఎరుపుని వెనక్కి కొట్టేస్తుంది, లోపల రంగులు మారిపోతాయి. దసరా నాడు పాలపిట్టని చూసేది ఆ రెక్కల నీలం కోసం గదా, ఉన్న రంగు ఉన్నట్టు రానీండి.

కొన్నాక ఒక యూనిట్ టెస్టు. దుర్భిణిని ఆకాశం వైపు పెట్టి (సూర్యుడి వైపు మాత్రం ఛస్తే పెట్టకండి, కన్ను పోతుంది) చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుంటే, కంటి వైపు అద్దంలో చిన్న వెలుగు బిళ్ళ కనపడుతుంది. దాని వెడల్పు స్కేలుతో కొలవండి. ముందు అద్దం వెడల్పుని దాంతో భాగించండి. అసలు మాగ్నిఫికేషన్ సుమారుగా వచ్చేస్తుంది. అచ్చేసిన అంకెకీ దీనికీ పొంతన లేకపోతే వెంటనే రిటర్న్ పెట్టేయండి. ఆ బిళ్ళ గుండ్రంగా కాకుండా అంచులు పలకలుగా, బూడిదగా కనపడితే ప్రిజమ్‌లో పొదుపు చేశారని అర్థం.

చివరగా ఒక మాట. దూరంగా ఉన్నదాన్ని దూరంగానే ఉండనివ్వడం కోసం పుట్టింది ఈ వస్తువు. కిన్నెరసాని అభయారణ్యం 1977 నుంచి ఉంది, సుమారు 635 చదరపు కిలోమీటర్లు. అక్కడ దుప్పికీ, ఎలుగుబంటికీ, అడవిదున్నకీ మనం చుట్టాలం కాదు. పనికిరాని దుర్భిణి చేతిలో ఉన్నవాడు ఏం చేస్తాడు? విసుగొచ్చి కారు ఆపి, దిగి, ఫోను పట్టుకుని ముందుకు నడుస్తాడు. జింక పారిపోతుంది, వెనకొచ్చేవాళ్ళకి ఏమీ మిగలదు. మంచి 8× ఉన్నవాడు నిలబడ్డచోటే నిలబడి తృప్తిగా చూస్తాడు. అడవి అంచున కోయగూడేలూ ఉంటాయి. వాళ్ళ వాకిళ్ళలోకి దుర్భిణి తిప్పి చూడటం వినోదం కాదు, మర్యాద తప్పడం.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఏది కొనాలి బాబూ" అని అడిగితే, లింకు పంపే ముందు ఒక్క భాగహారం చేయండి. నాలుగేళ్ళు ఇంజినీరింగ్ చదివాం, ఆ మాత్రం చేయలేమా?