గీతలు సరే, గొంతు ఎందుకు కోశారు?

పాత పాటను బతికిస్తామంటూ బయల్దేరినవాళ్ల చేతుల్లోనే అది ఎక్కువగా చస్తోంది. రికార్డు తిప్పడం, కంప్యూటర్‌లోకి ఎక్కించడం, ‘నాయిస్ రిడక్షన్’ మీట నొక్కడం, 128 కేబీపీఎస్ ఎంపీ3గా కుక్కడం, పైన ‘డిజిటల్ రీమాస్టర్’ అని బిరుదు తగిలించడం! ఇది భద్రపరచడమా, శవానికి పౌడరు రాయడమా?

ఆ మీట ఏం చేస్తుందో తెలుసా? సూది గరగర ఉండేచోటే గాయకుడి శ, ష, స కూడా ఉంటాయి. యంత్రానికి తేడా తెలియదు. గరగరతోపాటు అక్షరాన్నీ చెరిపేస్తుంది. పద్యం ఎత్తుకునే ముందు ఘంటసాల పీల్చిన ఊపిరి పోతుంది. తంబురా జీర పోతుంది. మిగిలేది బుడబుడలాడే గొంతు. దాని కింద కామెంట్లలో వందల మంది దండాలు!

అసలు పాపం అంతకుముందే మొదలవుతుంది. 78 ఆర్‌పీఎం లక్క రికార్డు మీద ఎల్పీ సూది పెడతారు. 78 గాడికి దాదాపు 75 మైక్రాన్ల మొన కావాలి. ఎల్పీ మొన 18 నుంచి 25. ఆ సన్నపు సూది గాడి అడుగున దుమ్ములో పొర్లుతుంది. అప్పుడు ‘రికార్డు పాడైపోయింది’ అని తీర్పు. లక్క రికార్డును స్పిరిట్‌తో తుడిచే ఘనులూ ఉన్నారు. స్పిరిట్‌లో లక్క కరుగుతుందని చెక్కకు పాలిష్ వేసే కుర్రాడికి తెలుసు, వీళ్లకు తెలియదు. ఇక ఆర్ఐఏఏ ఈక్వలైజేషన్ (రికార్డు కోసేటప్పుడు మార్చిన మంద్ర, తార స్వరాల తూకాన్ని వినేటప్పుడు సరిచేసే కొలత) అమెరికాలో ప్రమాణమైంది 1954లో. సాలూరి రాజేశ్వరరావు పాటలు కట్టిన ‘మల్లీశ్వరి’ సినిమా 1951 నాటిది. ఆ కాలపు 78లను కంపెనీలు ఎవరి కొలతల్లో వాళ్లు కోసేవి. కళ్లు మూసుకుని ఆర్ఐఏఏ వేస్తే ఆయన వాద్యాల తూకం తప్పుతుంది.

మోనో రికార్డునైనా సరే స్టీరియోలో ఎక్కించండి. గాడికి రెండు గోడలుంటాయి. ఏది తక్కువ అరిగిందో తర్వాత ఎంచుకోవచ్చు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ పెట్టండి. ఫ్లాక్ ఫార్మాట్‌లో దాచండి. అది ఒక్క బిట్టు కూడా పారేయదు, పైసా అడగదు, 2001 నుంచీ ఉంది. చోటు చాలదంటారా? నలభై నిమిషాల ఎల్పీ ముడిగా 1.4 జీబీ, ఫ్లాక్‌లో సాధారణంగా ఒక జీబీ లోపు. టెరాబైట్ డిస్కులో దగ్గరదగ్గర వెయ్యి ఎల్పీలు పడతాయి. మీ పెళ్లి వీడియోలకు దొరికిన చోటు వీటికి దొరకదా? శుద్ధి చేసుకోండి, ఎవరొద్దన్నారు? కాపీ మీద చేసుకోండి. లేబుల్‌నూ, దాని పక్కన చెక్కిన మాట్రిక్స్ నంబర్‌నూ ఫొటో తీసి పక్కనే పెట్టండి.

ఎంపీ3 తెచ్చి, ఫ్లాక్‌గా మార్చి, హాల్లో నాస్ (నెట్‌వర్క్ స్టోరేజీ) పెట్టెలో పేర్చి ‘అంతా లాస్‌లెస్సే’ అని చుట్టాలకు చూపించే పెద్దమనుషులు మరో తెగ. పోయిన స్వరం రాదు, ఫైలు మాత్రం లావెక్కుతుంది. అసలైన ఫ్లాక్‌నే మామూలు బ్లూటూత్ స్పీకర్‌కు పంపినా దారిలో నలిగిపోతుంది. లక్షలు పోసి సిస్టమ్ కొన్నారు, యాంప్లిఫయర్‌కు ఒక వైరు లాగలేరా?

ఎక్కించడం అయ్యాక రికార్డులను పాతసామాన్లవాడికి తూకానికి వేసేవాళ్ల మీదే నాకు అన్నిటికన్నా మంట. రికార్డు ఉంటేనే కదా, రేపు ఇంకా మంచి పద్ధతిలో మళ్లీ ఎక్కించుకోగలం! అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల సూది తాకకుండా, గాడిని ఫొటో తీసి శబ్దం రాబట్టే ‘ఐరీన్’ పద్ధతిని తయారుచేసింది. దానితో విరిగిన రికార్డునూ పలికించారు. అటక మీద నాటక పద్యాల 78లు ముక్కలై ఉన్నా సరే, వాటిని పారేయకండి.