మనకైతే అన్యాయం, పెడనకైతే మార్కెట్టా?

భవానీపురంలో అయినా బే ఏరియాలో అయినా మన సాఫ్ట్‌వేర్ జనం మధ్య చేనేత ఊసొస్తే చాలు, తీర్పు రెడీ: "పోటీ పడలేనివాళ్ళకి సబ్సిడీలు దండగండీ, మార్కెట్టే తేలుస్తుంది." అదే నోరు హెచ్-1బీ అనగానే మాట మారుస్తుంది. "టాలెంటుకి కోటా ఏంటి? అన్యాయం!"

అసలు బట్టల సంగతి మార్కెట్టే తేల్చిందా?

ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో స్థావరం పెట్టింది 1611లో. మన అద్దకాలకి యూరపులో ఎంత గిరాకీ వచ్చిందంటే అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గగ్గోలు పెట్టేశారు. ఫ్రాన్సు 1686లో అద్దకం నూలుబట్టల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో సొంత వాడకానికి వాటి దిగుమతి ఆపేసింది. 1721లో అయితే చాలారకాలు కట్టుకోడమే నేరం! తమాషా ఏంటంటే, 1700 చట్టం తెల్లబట్టని మాత్రం రానిచ్చింది. నేత మనది, అద్దకం, దాని లాభం లండన్‌ది అన్నమాట.

తర్వాత యంత్రాలొచ్చాయి, ఎలాగూ ఓడిపోయేవాళ్ళం అంటారా? కావచ్చు. కానీ ఆ యంత్రాలు పసితనంలో పెరిగింది ఈ గోడ చాటునే.

సరే, పాత కథ వదిలేద్దాం. మనకి స్వేచ్ఛా వాణిజ్యం పాఠాలు చెప్పిన దేశాలే 1974 నుంచి 2004 చివరిదాకా మల్టీ ఫైబర్ ఒప్పందం, దాని తరవాతి ఒప్పందం పేరుతో దేశానికింత, రకానికింత అని కోటాలు నడిపాయి. అందులో కుటీర పరిశ్రమ చేనేతకి మినహాయింపు ఉంది. జాలి అనుకునేరు! 1700లో భయపడ్డారు కాబట్టి ఆపారు, 1974కి భయం పోయింది కాబట్టి వదిలేశారు. అంతే.

తప్పంతా బయటివాళ్ళదేనా? కాదు. రెడీమేడ్ దుస్తుల్ని 2000 దాకా చిన్న పరిశ్రమలకే రిజర్వు చేసి మన కాళ్ళు మనమే కట్టుకున్నాం.

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. బట్టలకీ మన డెల్టా రొయ్యలకీ దెబ్బ తగిలింది. సాఫ్ట్‌వేర్ సేవలకి తగల్లేదు, మనవాళ్ళు కిక్కురుమనలేదు. మరుసటి నెలలో కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు అనగానే గోల మొదలు!

బాబూ, రెండూ ఒకటే. గెలుస్తున్నవాడికే గేటు వేస్తారు. మచిలీపట్నం అద్దకందారుకి మూడొందల ఏళ్ళ కిందట వేసిందే మనకిప్పుడు వేస్తున్నారు. ఈసారి పెడన కలంకారీకి సాయం అనగానే పెదవి విరిచేముందు ఇది గుర్తు తెచ్చుకోండి. మీ కోటా అన్యాయమైతే, వాళ్ళదీ అన్యాయమే.