సోమవారం ఎవరు ఫోన్ చేస్తారు?

సెప్టెంబర్ నెలాఖరు వచ్చిందంటే సికింద్రాబాద్‌లో గుండె శిబిరాల సీజన్ మొదలైనట్టే. 29న ప్రపంచ హృదయ దినం మరి. ఆ ముందువెనకల ఆదివారాల్లో సీతాఫల్‌మండి నుంచి మల్కాజిగిరి దాకా ఏ కమ్యూనిటీ హాలు ముందు చూసినా ఒక షామియానా, దానికి ఎర్రటి గుండె బొమ్మతో ఫ్లెక్సీ, ఆ ఫ్లెక్సీలో గుండె కంటే పెద్ద సైజులో స్థానిక నాయకుడి ముఖం. లోపల వరుసగా బల్లలు. ఒకచోట వేలికి సూది గుచ్చి షుగర్ చూస్తారు. ఇంకోచోట జబ్బకు పట్టీ చుట్టి బీపీ. తెర కట్టిన మూలలో ఈసీజీ. చివరి బల్ల దగ్గర డాక్టర్ కాగితం చూసి, "నూటడెబ్బై ఉందమ్మా, ఉప్పు తగ్గించండి, ఒకసారి ఆస్పత్రికొచ్చి చూపించుకోండి" అంటారు. ఆమె ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుని ఇంటిదారి పడుతుంది. మధ్యాహ్నానికి లెక్క తేలుతుంది, ఇంతమందిని పరీక్షించాం అని. మర్నాడు పేపర్లో ఫొటో.

శిబిరాలంటే నాకు చులకన లేదు. బీపీ నొప్పి పెట్టదు, వాపు రాదు, జ్వరం తెప్పించదు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి పట్టీ చుడితే తప్ప బయటపడని జబ్బు అది. ఏళ్ల తరబడి ఆస్పత్రి గడప తొక్కని మనిషి ఆ షామియానా కిందికి వస్తాడు. అంతవరకు మంచిదే. నా పేచీ అల్లా లెక్కతోనే. ఎంతమంది వచ్చారన్నది ఆదివారం లెక్క. నూటడెబ్బై ఉన్న ఆ ఇల్లాలు సోమవారం ఆస్పత్రికి వెళ్లిందా, మందు మొదలుపెట్టిందా, మూడు నెలల తర్వాత ఇంకా మింగుతోందా అన్నది అసలు లెక్క. అది ఎవరి పుస్తకంలోనూ ఉండదు.

ఈసీజీ సంగతి ఇంకా చిక్కు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగుందంటే ఆ నిమిషంలో గుండెకు పెద్ద ఇబ్బంది కనిపించలేదని మాత్రమే అర్థం. రక్తనాళాల్లో పూడిక లేదని దానితో తేల్చలేం. కానీ "ఈసీజీ నార్మల్" అన్న కాగితం చేతికొచ్చాక మనవాళ్లు మళ్లీ సిగరెట్ ప్యాకెట్ తీస్తారు. ఇలాంటి ధీమా ఇచ్చే శిబిరం కంటే శిబిరం లేకపోవడమే నయమేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

సికింద్రాబాద్‌కు ఆస్పత్రుల కరువు లేదు. 1851లో చిన్న వైద్యశాలగా మొదలైన గాంధీ ఆస్పత్రి 2003 నుంచి ముషీరాబాద్‌లో ఉంది. మినిస్టర్ రోడ్డులో 2004 నుంచి కిమ్స్ ఉంది, దాన్ని నెలకొల్పిన బొల్లినేని భాస్కరరావు స్వయంగా గుండె శస్త్రచికిత్స నిపుణుడు. దగ్గర్లోనే యశోద. రైల్వేవాళ్లకు లాలాగూడ ఆస్పత్రి. డబ్బు సమస్య కూడా ఒకప్పుడున్నంత లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు. ఒకప్పుడు లక్ష దాటిన మందు పూత స్టెంటుకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం 29,600 రూపాయల గరిష్ఠ ధర కట్టింది. తక్కువ ధరకు స్టెంటు చేయాలని తొంభైల్లోనే అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు సోమరాజు చేతులు కలిపింది కూడా ఈ జంట నగరాల్లోనే. అంటే గుండె ఆగిపోయే దాకా వచ్చిన మనిషిని నిలబెట్టే విద్య మన ఊళ్లో ఉంది, దానికి దారులూ ఉన్నాయి. అంత దాకా రాకుండా చూసే పని మాత్రం ఆదివారాలకు వదిలేశాం.

ఇది పట్నం జబ్బు, కూర్చుని తినేవాళ్ల జబ్బు అనుకునే రోజులు పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో 2003-04లో ఏడాది పాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం ఏమిటని ఇంటింటికీ వెళ్లి అడిగి రాసుకున్నారు. పదమూడు వందల పైచిలుకు చావుల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అందులో గుండెపోటుదీ పక్షవాతానిదీ ఇంచుమించు సమాన వాటా. వరి పండించే పల్లెల సంగతి ఇది. ఇక వయసు చూస్తే, 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు వచ్చిన మధ్యస్థ వయసు 53. మిగతా ప్రపంచానికి దాదాపు 59. మన దగ్గర 53 ఏళ్లంటే పిల్ల పెళ్లి చేయాల్సిన వయసు, ఇంటి లోను ఇంకా కట్టాల్సిన వయసు.

గుండెను ఎంత దూరం నుంచి, ఎంతకాలం కనిపెట్టి ఉండాలో చూపించిన పరిశోధన ఒకటి మన తార్నాకలోనే పుట్టింది. జాతీయ పోషకాహార సంస్థ ముందు నుంచి రోజూ వేలమంది బస్సుల్లో వెళ్తుంటారు. లోపల జరిగిన ఈ పని గురించి విన్నవాళ్లు తక్కువ.

1987 నుంచి 1990 దాకా హైదరాబాద్‌కు దగ్గర్లోని 29 పల్లెల్లో ఆ సంస్థ ఒక ప్రయోగం చేసింది. 15 ఊళ్లలో అంగన్‌వాడీ పథకం అప్పటికే వచ్చింది. ఆ పక్కనే ఉన్న 14 ఊళ్లకు ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా వండి పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనె. అప్పుడు వాళ్లు చూడాలనుకున్నది పుట్టే బిడ్డ బరువు. గుండె ఊసే లేదు. లెక్కలు రాసుకున్నారు, పని ముగిసింది. ఇంకెక్కడైనా అయితే ఆ రిజిస్టర్లు చెదల పాలయ్యేవి.

2003-05లో పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకే వెళ్లారు. అప్పుడు కడుపులో ఉన్నవాళ్లు, పాకుతున్నవాళ్లు ఇప్పుడు 13 నుంచి 18 ఏళ్ల పిల్లలు. 1,165 మందిని పరీక్షించారు. అంగన్‌వాడీ తిండి అందిన ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్లవాళ్ల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. అది ఊహించదగ్గదే. ఇన్సులిన్‌ను ఒళ్లు పట్టించుకోని తత్వం వాళ్లలో 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసుతనాన్ని తెలిపే కొలత 3.3 శాతం తక్కువ. షుగరుకూ గుండెజబ్బుకూ నాంది పలికేవాటిలో ఇవి రెండు. రక్తపోటులో, కొలెస్ట్రాల్‌లో పెద్ద తేడా కనిపించలేదని కూడా దాచకుండా రాశారు. తిండితో పాటు ఆ ఊళ్లకు టీకాలూ, రక్తహీనత మందులూ అందాయి కాబట్టి ఘనతంతా ఉప్మాదే అనడానికి లేదు. ఈ ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఆ తర్వాత పిల్లల తల్లిదండ్రులనూ, ఇంట్లో మిగతావాళ్లనూ కలుపుకుని అధ్యయనాన్ని పెంచారు.

తల్లి తిన్న ముద్దకు బిడ్డ రక్తనాళాల్లో పదిహేనేళ్ల తర్వాత ఆనవాలు దొరికింది. దొరికిందంటే అందుకు కారణం ఖరీదైన యంత్రం కన్నా ముందు ఒక పేర్ల పట్టిక. ఏ ఊరు, ఏ ఇల్లు, ఎవరి బిడ్డ అని రాసిపెట్టారు కాబట్టి వెనక్కి వెళ్లగలిగారు.

ఆస్పత్రులు "మేం పరిశోధన చేస్తున్నాం, ప్రజల్లోకి వెళ్తున్నాం" అని రెండు వేర్వేరు పేజీల్లో రాసుకుంటాయి. తార్నాకవాళ్లకు ఆ రెండూ ఒకే పని.

ఇదేదో శాస్త్రవేత్తలకే సాధ్యం అనుకోనక్కర్లేదు. 2017 చివర్లో కేంద్రం రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. పద్ధతి తేలిక. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ తేలిన ప్రతి మనిషికీ ఒక కార్డు. ఏ మాత్రతో మొదలుపెట్టాలి, తగ్గకపోతే ఏం కలపాలి అన్నది ముందే రాసిపెట్టిన వరుస. నర్సు చూసుకోగలదు. మూడు నెలలకోసారి లెక్క తీస్తారు. నమోదైనవాళ్లలో ఎంతమందికి 140/90 కిందికి దిగింది, ఎంతమందికి దిగలేదు, ఎంతమంది అసలు రాలేదు. ఆ మూడో అంకెను పట్టించుకోవడంలోనే ఉంది కిటుకంతా. రానివాళ్లను వదిలేసి లెక్క కడితే ఏ ఆస్పత్రి ఫలితాలైనా దివ్యంగా ఉంటాయి. బస్తీ దవాఖానాలో దొరికే మాత్ర, మినిస్టర్ రోడ్డులో రాసిచ్చే మాత్ర ఒళ్లో చేసే పని ఒకటే. మానేస్తే రెండూ పనిచేయవు.

సికింద్రాబాద్ రైల్వే ఊరు. ఇక్కడి పాత కుటుంబాల్లో ఒక డ్రైవరో, గార్డో, గ్యాంగ్‌మనో లేని ఇల్లు వెతుక్కోవాలి. రైలు నడిపేవాళ్లకు 45 ఏళ్ల దాకా నాలుగేళ్లకోసారి, 55 దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా వైద్య పరీక్ష తప్పనిసరి. వెళ్లకపోతే బండి ఎక్కనివ్వరు. వాళ్ల కళ్లు, బీపీ, షుగర్ కాగితాలు ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఒకే ఫైల్లో పడుతుంటాయి. రిటైరైనా కార్డు ఉంటుంది, అదే లాలాగూడకు వెళ్తారు. రైల్వే ఇది దయతో చేయడం లేదు. ఇంజిన్‌లో ఉన్నవాడి గుండె ఆగితే వెనక బోగీల్లో ఎంతమంది ఉంటారో దానికి తెలుసు. ఆటో నడిపేవాడికి, మోండా మార్కెట్‌లో మూటలు మోసేవాడికి ఇలాంటి ఫైలు ఎవరూ తెరవరు. వాళ్ల వెనక ఉన్నది ఒక కుటుంబమే కదా.

ఫైలు లేనివాళ్లే రాత్రి రెండింటికి ఛాతీ పట్టుకుంటారు. అప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. "గ్యాసే, సోడా తాగితే పోతది." ఓమ నమిలిస్తారు. వీపు రాస్తారు. తెల్లారనివ్వమంటారు. పక్క వీధి ఆర్ఎంపీని పిలిస్తే ఇంకో గంట. గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడ్డాక ప్రతి నిమిషమూ కొంత కండరం చచ్చిపోతుంటుంది. ఆస్పత్రికి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ, తొంభై నిమిషాల్లో బెలూన్‌తో నాళం తెరవడం అన్నవి పెద్ద ఆస్పత్రులు పెట్టుకున్న గడువులు. ఆ గడియారం గేటు దగ్గర మొదలవుతుంది, ఇంట్లో పోయిన నాలుగు గంటలు అందులోకి రావు.

2021 ఫిబ్రవరిలో అవయవదానం చేసిన ఒక రైతు గుండె నాగోలులో మెట్రో ఎక్కింది. తార్నాక, మెట్టుగూడ, ప్యారడైజ్, ఎక్కడా ఆగలేదు. అరగంటలో జూబ్లీహిల్స్ చేరింది. పెట్టెలో ఉన్న గుండెకు అంత చక్కగా దారి ఇవ్వగలిగిన నగరం, మనిషి ఒంట్లో ఉన్న గుండెకు ఫోన్ నంబర్ అయినా గుర్తుచేయాలి. 108 అంబులెన్స్ 2005 ఆగస్టు 15న మొదలైంది ఇక్కడే. దాని ప్రధాన కార్యాలయం మేడ్చల్ రోడ్డులో, దేవరయాంజాల్‌లో ఉంది. శిబిరంలో బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చే చేతులు, "నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా సోడా జోలికి పోకుండా 108కి ఫోన్ చేయి" అన్న మాట కూడా ఇవ్వొచ్చు. పదిహేను సెకన్ల పని.

అందుకని శిబిరాలు పెట్టే ఆస్పత్రులన్నిటినీ నేను అడిగేది ఒక్క అంకె. పోయినేడు మీ షామియానా కింద బీపీ తేలినవాళ్లలో ఈ రోజు ఎంతమందికి అది అదుపులో ఉంది? దొరకనివాళ్లను కూడా కలుపుకునే చెప్పండి. శాతం తక్కువ వచ్చినా ఫరవాలేదు, ఫ్లెక్సీ మీద వేయండి.

మనుషుల్లేరు, నంబర్లు దొరకవు అని మాత్రం అనొద్దు. శిబిరానికి వెళ్లొచ్చిన వారం తిరక్కుండానే "ఫుల్ బాడీ చెకప్ మీద యాభై శాతం తగ్గింపు" అని మెసేజ్ వస్తోంది. దీపావళికి ఇంకోటి, కొత్త సంవత్సరానికి మరోటి. అదే నంబర్‌కు, అదే కంప్యూటర్ నుంచి, "అమ్మా, మాత్రలు వేసుకుంటున్నారా?" అని ఒక నర్సు ఫోన్ చేయొచ్చు.