పికప్‌కి ఏ కప్పు వేయిద్దాం?

వాన మొదలైతే మన గుంపులో ఇదే మాట: బండికి రేకు మూత మేలా, ప్లాస్టిక్ పట్ట మేలా, కాన్వాస్ మేలా?

మా ఓటు కాన్వాస్‌కే. వంచిన ఇనుప కమ్ముల మీద పరిచి, కావాలంటే ఊడదీసుకునేదిగా ఉండాలి.

ఎందుకంటే గూటి లోపల ప్యూపా బతికే ఉంటుంది. అది ఊపిరి తీస్తుంది, వేడి, తేమ వదులుతుంది. గాలాడకపోతే గూడు మెత్తబడుతుంది, దారం సరిగా ఊడిరాదు. ఒకసారి వానకి భయపడి మేము ప్లాస్టిక్ పట్ట నాలుగు వైపులా బిగించి శిడ్లఘట్ట మార్కెట్‌కి పోయినాము. విప్పి చూస్తే పట్ట లోపలంతా నీటి చుక్కలు. రీలరు పిడికెడు గూళ్లు నొక్కి చూసి ధర తగ్గించేసినాడు. వాన తడపలేదు, మన కప్పే తడిపింది!

రేకు మూత గట్టిదే, దొంగ భయం ఉండదు. కానీ ఎండకి కాగుతుంది. పైగా అదే బండిలో మనం ఆకు తోలాలి, చంద్రికలు తోలాలి, ఎరువు కూడా తోలాలి. ఎత్తుగా వేయాలంటే మూత అడ్డం. కాన్వాస్‌నైతే ఎరువు తోలే రోజు తీసి పెట్టుకోవచ్చు, మాసితే ఉతికి ఎండేసుకోవచ్చు.

కొనేటప్పుడు రెండు చూడండి: పక్కలు పైకి చుట్టి కట్టే వీలుందా, ఇద్దరు మనుషులు తొందరగా విప్పగలరా. వాన పడితే దించండి, ఆగగానే ఎత్తండి. గూళ్లు సంచుల్లో కుక్కకుండా, చల్లని పూట బయల్దేరండి. నెల కష్టం దారిలో చెడిపోకూడదు కదా!