ఒక బాలిక ప్రశ్న

ఉబ్బసం వస్తే ఛాతీలో పిల్లికూతలు ఎందుకు వినిపిస్తాయో తెలుసా? ఊపిరి గొట్టాలు లోపల వాచి, ఇరుకైపోవటం వల్ల.

పూర్వం అమెరికాలో రోగులు గాజు పరికరానికి అమర్చిన రబ్బరు తిత్తిని నొక్కుతూ మందు పీల్చేవారు. ఆ గాజు సులువుగా పగిలేది. 1955లో ఉబ్బసంతో బాధపడే 13 ఏళ్ళ బాలిక ఒకతె, జుట్టుకు చల్లుకునే స్ప్రేలాగా తన మందు కూడా డబ్బాలో ఎందుకు రాకూడదని తండ్రిని అడిగింది. ఆ తండ్రి జార్జి మెయిసన్, రైకర్ అనే మందుల కంపెనీకి అధ్యక్షుడు. పిల్ల మాటే గదా అని కొట్టిపారెయ్యక, ఆయన ఆ పనిని తన శాస్త్రజ్ఞులకు అప్పగించాడు. 1956లో, నొక్కినప్పుడల్లా కొలతగా మందు చిమ్మే ఇన్‌హేలరు బజారుకు వచ్చింది.

ఆనాటి మందు బిగిసిన గొట్టాలను కొంతసేపు విప్పేది, అంతే. లోపలి వాపును తగ్గించే బెక్లోమెథసోన్ అనే పీల్చే మందు 1972లో వచ్చింది. ఇటువంటి మందును ఆయాసం లేని రోజుల్లో కూడా డాక్టరు చెప్పినట్టు వాడాలి. బాగానే ఉంది గదా అని మీ అంతట మీరు మానకండి.