నడిమధ్యన ఉన్న మారుమూల

టీవీవాళ్లకు మా ఆదిలాబాద్ ఏడాదికి రెండుసార్లు గుర్తొస్తుంది. గిన్నెధరిలోనో అర్లి(టి)లోనో చలి ఎంతకు పడిపోయిందో చెప్పడానికి ఒకసారి, వానలు పడి ఏజెన్సీ గూడేల్లో జ్వరాలు మొదలైనప్పుడు ఇంకోసారి. మిగతా కాలమంతా మాది ‘మారుమూల’. పటం పరిచి చూడండి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే 44వ జాతీయ రహదారి పెన్‌గంగ దాటి తెలంగాణలో అడుగుపెట్టేది మా దగ్గరే. తూర్పు అంచున ఢిల్లీ–చెన్నై రైళ్లు కాగజ్‌నగర్, బెల్లంపల్లి, మంచిర్యాల మీదుగా పరుగెడతాయి. దేశానికి దాదాపు నడిమధ్యన ఉన్నవాళ్లం, హైదరాబాద్ కళ్లకు మూలన పడ్డాం. అందుకే జబ్బు ముదిరితే మావాళ్లు నాగపూర్ బాట పడతారు. అదే మాకు దగ్గర.

ఆదిలాబాద్‌లో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. తిరుపతి పోయే బండి కదిలిన కాసేపటికే మహారాష్ట్రలో దూరుతుంది. కిన్వట్, హిమాయత్‌నగర్, భోకర్, ముద్ఖేడ్ చుట్టి, ధర్మాబాద్ దాటాక బాసరలో గానీ మళ్లీ తెలంగాణ కనబడదు. ఆ బాసర 2016లో జిల్లాను నాలుగు ముక్కలు చేసేదాకా మాదే! పిల్లవాడికి సరస్వతమ్మ ముందు పలక పట్టించాలంటే రైల్లో పక్క రాష్ట్రం తిరిగి సొంత జిల్లాకు చేరిన వాళ్లం మేం. ఉత్తరానికి పోయే పట్టాలూ పింపల్‌కుటి మీదుగా మహారాష్ట్రలోకే. కొయ్యబొమ్మల నిర్మల్ జిల్లా కేంద్రమైంది, అక్కడ పట్టాలే లేవు. ఆర్మూరు నుంచి నిర్మల్ మీదుగా ఆదిలాబాద్‌కు లైను వేస్తామన్న మాట మాత్రం ఎన్నికలప్పుడల్లా మా ఊరికి వస్తుంది, టికెట్ లేకుండా.

ఆ లైను వేస్తే రాబడి రాదంటారు. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయిన నాటి నుంచి ఆ పట్టాల మీద మా నేల బొగ్గు ఎంత పోయిందో రైల్వే దగ్గరే లెక్కలుంటాయి. పత్తి సీజన్‌లో ఒక్కరోజు ఆదిలాబాద్ మార్కెట్ యార్డు ముందు నిలబడితే బండ్ల బారు చూసి మాట మార్చుకుంటారు. సరుకు బయటికి పోయే దారులకు కొదవ లేదు. మా ఊళ్లను ఒకదానితో ఒకటి కలిపే దారులే లేక మా గోడు.

మంచిర్యాల నుంచి ఆదిలాబాద్‌కు నేరుగా రైలు లేదు. లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి మీదుగా బస్సే గతి. ఆసిఫాబాద్ నుంచైతే కెరమెరి ఘాట్ ఎక్కాలి. ఈ దారుల నడుమ ఉన్నదేమైనా తక్కువా? కేస్లాపూర్‌లో నాగోబా జాతర. 1940లో కొమురం భీం నేలకొరిగిన జోడేఘాట్. ఆ తర్వాత నిజాం పంపగా వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మకాం పెట్టిన మార్లవాయి. అదే మార్లవాయి కనకరాజుకు గుస్సాడీ ఆటకే 2021లో పద్మశ్రీ వచ్చింది. పురస్కారం ఢిల్లీ నుంచి చేరింది, మంచి రోడ్డు చేరడానికే ఎన్నో అడ్డంకులు. రహదారికి అల్లంత దూరాన కుంటాల జలపాతం దూకుతుంటే, నేరేడిగొండలో ఆగకుండా లారీలు నాగపూర్ పోతుంటాయి.

అడవిని చీల్చి ఆరు వరుసల రోడ్డు వేయమని మేం అడగడం లేదు. కవ్వాల్‌లో పులులు బతకాలనే మేమూ కోరుకుంటాం. (పులుల కోసం ఖాళీ చేయమంటే చేసిన గూడేలూ మావే.) వాగుల మీద వంతెనలు కావాలి. పొద్దు గూకాక కూడా లోపలి ఊళ్లకు పోయే బస్సులు కావాలి. ఆర్మూరు లైను కావాలి. రైలంటే ఢిల్లీ చేతిలో పని, ఆలస్యమవుతుందంటే వింటాం. అటవీ అనుమతి రాలేదంటూ చిన్న వంతెన ఫైలు కూడా ఏళ్లకేళ్లు బల్ల మీదే పడుంటే, దాని వెంట తిరగాల్సింది గూడెం పటేలా, సర్కారా?