మిఠాయి పెట్టెతో తీరే రుణమా?

దీపావళి మరునాడు, మేము కాల్చిన టపాసుల చెత్తను ఊడ్చిన పారిశుద్ధ్య కార్మికురాలికి మిఠాయి పెట్టె ఇచ్చాను. "మాకు సెలవెప్పుడు బాబూ?" అని ఆమె అడిగింది. నా వద్ద జవాబు లేదు.

2019 కుంభమేళాలో ప్రధానమంత్రి ఐదుగురు పారిశుద్ధ్య కార్మికుల పాదాలు కడిగారు. మ్యాన్‌హోల్ మరణాలు మాత్రం ఆగలేదు. మనుషులచేత మలం ఎత్తించడాన్ని, రక్షణ లేకుండా మురుగు కాలువల్లోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఆ కాలువల్లో మరణించినవారి కుటుంబాలకు పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 30 లక్షల రూపాయలకు పెంచింది. అయినా చీపురు నేటికీ ఎక్కువగా దళితుల చేతిలోనే, అదీ కాంట్రాక్టు పద్ధతిలోనే ఉంది.

కులం అంటగట్టిన పనిని సేవగా కీర్తించడం ఆ కులవ్యవస్థను కాపాడటమే. వారికి వేతనంతో కూడిన సెలవు, ఉద్యోగ భద్రత, కాలువల్లోకి దిగే యంత్రాలు కావాలని వారితో కలిసి అడగడమే మన కృతజ్ఞత కావాలి.